నాలుగు తరాల దగ్గు

ఆ ఆదివారం కోడలు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి అతిథులు వచ్చేలోగా తలస్నానం ముగించాలి. వాళ్లు చూడటానికి వస్తున్నది ఆ స్నానాలగది తలుపునే కనుక ఆలస్యానికి వీల్లేదు.

ఇదంతా ఆమె నోటిదురద వల్ల వచ్చిందే. ఆ ఇంట్లో స్నానాలగది తలుపు ముట్టుకునే ముందు ఎవరైనా రెండుసార్లు దగ్గాలి. లోపల మనిషి ఉంటే ఒకసారి దగ్గి బదులివ్వాలి. పెళ్లైన రెండేళ్లూ బుద్ధిగా దగ్గిన కోడలు, పదిరోజుల క్రితం ఉండబట్టలేక అడిగేసింది.

"మామయ్యగారూ, తలుపుకి గొళ్లెం ఉందిగా? మరి దగ్గడం ఎందుకండీ?"

రిటైరైన చరిత్ర మాస్టారాయన. తెలియదని చెప్పే అలవాటు లేదు.

"మా ముత్తాత కోట కాపలాదారమ్మా. చీకట్లో మనవాడో పగవాడో దగ్గుతోనే పోల్చుకునేవారు."

సాయంత్రానికి ఆ మాట చరిత్ర సంఘానికి చేరింది, ఆయన నోటి మీదుగానే. అధ్యక్ష పదవి కోసం ఆరేళ్లుగా కాచుకుని ఉన్న మనిషి మరి. ఆచారాన్ని కళ్లారా చూసి, అక్కడే ఆయన్ని ఎన్నుకుందామని సభ్యులు తీర్మానించారు.

తీరా వాళ్లు ఎనిమిదింటికే దిగబడ్డారు. కోడలు తువ్వాలు భుజాన వేసుకుని పక్కకు తప్పుకుంది. పదకొండు మంది పెద్దమనుషులు తలుపు ముందు వరసకట్టి, గంభీరంగా, ఒక్కొక్కరే రెండేసిసార్లు దగ్గారు. బదులివ్వడానికి అత్తగారిని లోపల స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఇంకా ఎంతమంది ఉన్నారే?" అని ఆవిడ లోపలినుంచి నీరసంగా అడిగారు.

పక్కింటి నర్సు గోడ మీదుగా ఇదంతా వింది. అరగంటలో ఆరోగ్యశాఖ జీపు వాకిట్లో ఆగింది.

"ఈ దగ్గు ఎన్నాళ్లుగా ఉంది?" మాస్కు సర్దుకుంటూ అడిగాడు అధికారి.

"నాలుగు తరాలుగా," అన్నారు మామగారు ఛాతీ విరిచి.

అధికారి రాయడం ఆపాడు. "ఇంట్లో అందరికీనా?"

"కోడలికి రెండేళ్ల నుంచే. మావాణ్ని చేసుకున్నాక వచ్చింది."

అధికారి గేటు మూయించాడు. "పరీక్షలయ్యేదాకా ఎవరూ కదలొద్దు!"

తమ్ముడికి ఏదో అయిందని వీధి చివరనుంచి మామగారి అక్కగారు పరుగున వచ్చి, అధికారిని పక్కకు నెట్టి లోపలికి దూసుకొచ్చారు. సంగతంతా విని నుదురు కొట్టుకున్నారు.

"కోటేమిట్రా, నీ మొహం! ఏడేళ్లప్పుడు ఆ గొళ్లెం విరగ్గొట్టింది నువ్వు. నాన్నకు తెలిస్తే నీ వీపు చిట్లుతుందని, గొళ్లెం ఊసే రాకుండా దగ్గుడు నేను మొదలెట్టా. ఆ తర్వాత తలుపే మార్చేశారు. మీరే మానలేదు!"

నేలచూపులు చూస్తున్న మామగారిని చూసి కోడలికి జాలేసింది. అధికారి పుస్తకం మూశాడు. సంఘం కార్యదర్శి మాత్రం కళ్లజోడు తుడుచుకుని అక్కగారికి నమస్కరించాడు.

"ఒక ఆచారాన్ని పుట్టించిన మనిషి ప్రాణాలతో దొరకడం మా సంఘానికి ఇదే మొదటిసారమ్మా!"

పదకొండు చేతులూ లేచాయి. అక్కగారు అధ్యక్షురాలయ్యారు. అభినందించడానికి నోరు తెరిచిన మామగారికి, అరవై ఏళ్లలో మొదటిసారి, నిజంగానే దగ్గొచ్చింది.