విచారణకు వచ్చిన రెండు వాక్యాలు

సోమవారం పదకొండు గంటలకు పవిత్ర గ్రంథంలోంచి రెండు వాక్యాలు దిగివచ్చి, మండల కార్యాలయంలో విచారణకు హాజరయ్యాయి. పక్క వాక్యాలు జరిగి కలిసిపోకుండా, గుళ్లో పూజారి ఆ రెండు ఖాళీల్లో రెండు వేళ్లు పెట్టి కూర్చున్నాడు. ఇలాంటి విచారణలు ఆ కార్యాలయానికి కొత్త కాదు. కిందటి వారమే రెండు సృష్టి కథలు వచ్చి, సర్దుబాటు చేసుకుని వెళ్లాయి.

వరండాలో కూర్చున్న పైడమ్మ వాటిని చూడగానే లేచి దండం పెట్టింది. చిన్నప్పట్నుంచీ చెవులతో వినడమే గానీ కళ్లతో చూడటం ఇదే మొదలు. మొదటి వాక్యం కాస్త వంగి నడుస్తోంది. "నేను దేవుణ్నని నా నోటితో అంటే నమ్మకండి, పక్కవాణ్ని అడగండి" అన్న మాట అది. రెండోది నిటారుగా వచ్చింది. "నేనెవరో నేనే చెబుతాను, ఇంకెవరి మాటా అక్కర్లేదు" అన్నది అది. రెండూ స్వామివారు పలికినవే.

నియమం ప్రకారం, పొసగని రెండు వాక్యాల్లో ఒకటి సాయంత్రంలోగా గ్రంథం ఖాళీ చేయాలి. దాన్ని ఆధారం చేసుకుని ఇచ్చిన ఉత్తర్వులన్నీ దాంతోపాటే రద్దవుతాయి. పైడమ్మ భయమంతా అదే. కిందటేడు పొరపాటున ఆమె చనిపోయినట్టు రికార్డుకెక్కింది. బతికే ఉందని చెప్పే తోడు ఎవరూ దొరక్క, రెండో వాక్యం కింద ఆమె సొంత మాటనే ఒప్పుకుని బియ్యం కార్డు తిరిగి ఇచ్చారు.

"అమ్మగోరూ, ఆ మాట పోతే దాన్తోపాటు నానూ పోతాను," అంది డిప్యూటీ తహసీల్దారు అనసూయాదేవితో.

"కంగారు పడకు పైడమ్మా. ముందు వాళ్లని చెప్పనీ."

అనసూయాదేవి ఎవరినీ కసిరి ఎరగదు. వాక్యాలకు కుర్చీలు వేయించి, మంచినీళ్లు ఇప్పించింది.

"నేనే వెళ్లిపోతానమ్మా," అంది మొదటి వాక్యం. "నా తరఫున నేను వాదించుకోవడం నాకు తగదు."

"నేనుంటాను," అంది రెండోది. "ఎందుకని అడక్కండి."

"దీని పొగరు సూడండి!" అన్నాడు అటెండరు గవరయ్య.

"నువ్వూరుకో గవరయ్యా." అనసూయాదేవి వాక్యాల వైపు తిరిగింది. "మిమ్మల్ని పలికినప్పుడు ఆయన పక్కన ఎవరున్నారు?"

"ఊరంతా ఉందమ్మా," అంది మొదటిది.

రెండోది మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. "ఎవరూ లేరు. వెంట తిరిగినవాళ్లంతా పారిపోయారు. ఎదురుగా కత్తులు పట్టుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు."

గవరయ్య తల దించుకున్నాడు. అనసూయాదేవి కలం తీసి, పైకి చదువుతూ ఉత్తర్వు రాసింది. "మనుషులున్నప్పుడు మనుషుల్ని అడగమన్నాడు. ఒక్కరూ మిగలనప్పుడు తన మాట మీద తాను నిలబడ్డాడు. ఇందులో విరోధం లేదు. రెండూ ఉండవచ్చు."

అంత చక్కటి తీర్పు పైడమ్మ తన జన్మలో వినలేదు. కళ్లు తుడుచుకుంది. వాక్యాలు రెండూ ఒకే ఆటోలో గుడికి వెళ్లిపోయాయి.

"ఇక నీ సంగతి పైడమ్మా," అంది అనసూయాదేవి మెత్తగా. "ఈ ఉత్తర్వు ప్రకారం ఎవరూ లేనివాళ్లకే సొంత మాట చెల్లుతుంది. నీకు ఎవరూ లేరని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కావాలి."

పైడమ్మకు అది సబబుగానే తోచింది. ఎదురు టీ కొట్లోంచి అప్పన్ననీ సూరిబాబునీ పిలుచుకొచ్చింది.

"ఈవిడికెవులూ నేరండి," అన్నాడు అప్పన్న. "పండక్కీ పబ్బానికీ ఒక్క మనిసి రాగా మేం సూడనేదు."

"మరి ఈమె బతికే ఉందా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పైడమ్మ వాళ్ల మధ్యే నిలబడి ఉంది.

"అది మాకేటి తెలుస్తాది తల్లీ?" అన్నాడు సూరిబాబు. "కాయితంలో పోయిందనే ఉన్నాది గదా."

అనసూయాదేవి నిజంగానే బాధపడింది. సాక్ష్యానికి ఇద్దరు వచ్చారు కాబట్టి పైడమ్మకు ఎవరూ లేరనడం కుదరదు. వచ్చినవాళ్లు ఆమె బతికుందని అనలేదు కాబట్టి బతికుందనడమూ కుదరదు. అనసూయాదేవి ఆ మాటే రెండుసార్లు నిదానంగా వివరించింది. పైడమ్మ శ్రద్ధగా విని, ఎక్కడైనా తప్పుందేమోనని వెతికింది. దొరకలేదు.

"నాయంగానే ఉందమ్మా," అంది. కార్డు బల్ల మీద పెట్టి బయటికొచ్చింది.

అప్పన్నా సూరిబాబూ పక్కకు జరిగి దారిచ్చారు. శవం వెళ్తుంటే పెట్టినట్టు దండం పెట్టారు. పైడమ్మ అలవాటు కొద్దీ తిరిగి దండం పెట్టబోయి, చేతులు దించేసుకుంది.