లోలా కోన్సింగ్ పళ్ళెం తిప్పిన ఉదయం

ఆ ఉదయానికి ఆర్నుల్ఫో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓడ తెల్లవారేసరికి సింగపూర్ రేవు చేరుతుంది. ఫలహారం, దిగే వంతు కోసం ఇచ్చిన రంగు చీటీల్లో తమ పసుపు చీటీల వారిని పిలవగానే దిగడం, టాక్సీ, విమానం, సాయంత్రానికి తమ దేశంలోని ఇలోయిలో. మర్నాడు పొద్దున అక్కడి చర్చిలో అతని పెళ్ళి. ఈ విమానం తప్పితే మూడు రోజుల దాకా మరొకటి లేదు. మనీలా మీదుగా పోదామన్నా సీట్లు లేవు. పెళ్ళికి ముందే తల్లిని విహారానికి ఓడ ఎక్కించాలని ముచ్చటపడి, ఈ తేదీలు కుదిర్చినవాడు తానే కనుక తిట్టుకోవడానికి మరొకరు లేరు.

"నానాయ్, కొంచెం త్వరగా తిను," అన్నాడు తల్లితో.

"తింటున్నాగా. అన్నం వేడిగా ఉంది," అంది కోన్సింగ్. వెల్లుల్లి అన్నం, ఎండుచేప, పక్కన గుడ్డు. ఓడ వంటగదిలో సగంమంది ఆమె దేశంవాళ్ళే. ఆమె అడగకముందే వండిపెట్టారు.

మైకు ఆకుపచ్చ చీటీల వారిని పిలిచింది. అదే బల్ల దగ్గర కూర్చున్న ఆస్ట్రేలియా దంపతులు సెలవు తీసుకుని లేచారు. కోన్సింగ్ చెంచా దించి తన పళ్ళాన్ని ఒక చుట్టు తిప్పింది. కొడుకు వంక చూసింది. కొడుకూ తిప్పాడు. భోజనం మధ్యలో ఎవరైనా ప్రయాణమై లేస్తే, ఇంకా తింటున్నవారు పళ్ళెం తిప్పాలి. తిప్పకపోతే పోయేవారికి దారిలో కీడు. ఇది అతను పుట్టినప్పటినుంచీ ఎరిగినదే. ఎరగనిదల్లా, ఓడ దిగే ఉదయం హాలు హాలంతా ప్రయాణమై లేస్తుందన్న సంగతి.

నీలం వారు లేచారు, పళ్ళెం తిరిగింది. ఎరుపు వారు లేచారు, పళ్ళెం తిరిగింది. తిప్పుడుకూ తిప్పుడుకూ నడుమ ఒక్కొక్క ముద్ద. ఆపైన మైకు పసుపు వారిని పిలిచింది.

"మనల్నే పిలుస్తున్నారు. లే, నానాయ్."

"ఆ మూల పెద్దాయన చూడు, కర్ర పట్టుకుని పోతున్నాడు పాపం. మనం కూడా లేచి వెళ్తే ఆయనకెవరు తిప్పుతారు?"

"ఆయన వాళ్ళు తిప్పుతార్లే."

"వాళ్ళకీ సంగతి తెలుసా?"

తెలియదని ఆర్నుల్ఫో ఒప్పుకోవలసి వచ్చింది.

వాళ్ళ దేశంవాడే, వడ్డన చేసే రోడెల్ పళ్ళాలు తీయడానికి వచ్చాడు. "అయిందా లోలా? తీసేయమంటారా?" అన్నాడు, సొంత అమ్మమ్మను పిలిచినట్టు.

"ముట్టుకోకు, తోతో," అంది కోన్సింగ్, ఇంట్లో కుర్రాణ్ణి పిలిచినట్టు. "మీదే ఊరు?"

"ఆంటికే, లోలా."

"నువ్వు ఓడెక్కిన రోజున మీ అమ్మ పళ్ళెం తిప్పలేదూ?"

రోడెల్ పక్క బల్లకు వెళ్ళి, అక్కడ తింటున్నవారి పళ్ళాలను ఒక్కొక్కటిగా తిప్పాడు. అది చూసిన మరో వడ్డనవాడు తన బల్లల వద్ద తిప్పాడు. ఓడ సిబ్బంది తెల్లచొక్కా తొడుక్కున్నవాడు తిప్పాడంటే అది ఓడ దిగేముందు పాటించవలసిన నియమమే అయి ఉంటుందని ప్రయాణికులు నిశ్చయించుకున్నారు. లేచినవారు తిరిగి వచ్చి తిప్పుకున్నారు. పళ్ళెం తీసేసిన వారు కొత్తది అడిగారు. ఖాళీ పళ్ళెం తిప్పితే చెల్లుతుందో లేదోనని గుడ్లు పెట్టించుకున్నారు. పెట్టిన గుడ్డు తినక తప్పలేదు. తలుపు వైపు సాగవలసిన వరుస వంటగది వైపు సాగింది. ఓడ దిగేవాడు లేడు.

ఆర్నుల్ఫో ఫోను మోగింది. పెళ్ళికూతురు మరివిక్.

"దిగారా?"

"పళ్ళాలు తిప్పుతున్నాం."

"ఎవరు లేచారని?"

"అందరూ."

"చూడు, ఇక్కడ పందిని కాల్చడానికి బొగ్గులు తెప్పించారు. రేపు ఆ బొగ్గుల మీద అది కాలాలో నువ్వు కాలాలో నీ ఇష్టం." ఫోను పెట్టేసింది.

అప్పుడు హాలు అధికారి వచ్చాడు. పొడుగాటి నార్వే మనిషి, నవ్వు ఎరగని ముఖం. రోడెల్ చెప్పిందంతా విన్నాడు. బల్లలు చూశాడు, వరుస చూశాడు, చివరికి కోన్సింగ్‌ను చూశాడు.

"ఈ హాలు కదలాలంటే ముందు ఈవిడ కదలాలి. ఏం చేస్తే లేస్తారో అడుగు."

రోడెల్ అడిగాడు.

"నేను లేస్తే నాకు తిప్పేవాళ్ళుండాలి కదా, తోతో. ఇది మామూలు ప్రయాణమా? వీడికి రేపు పెళ్ళి."

అధికారి మైకు తెప్పించుకున్నాడు. దయచేసి అందరూ కూర్చోవాలన్నాడు. ఈ తల్లీకొడుకుల ప్రయాణం క్షేమంగా సాగడానికి ఎవరి పళ్ళెం వారు తిప్పాలన్నాడు. ఒక్కసారిగా హాలంతా పింగాణీ గలగల పారింది, వాన జల్లు రేకుల మీద నడిచినట్టు. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, కోన్సింగ్ మూతి తుడుచుకుని లేచింది.

సిబ్బంది దిగే మెట్ల దారిన రోడెల్ వారిని దించి, పెట్టెలు వెతికి తెచ్చి ఇచ్చాడు. బయట రేవంతా ఖాళీ. పాస్‌పోర్టుల దగ్గర వరుస లేదు, టాక్సీల దగ్గర వరుస లేదు. వరుసలు కట్టవలసిన జనమంతా పైన గుడ్లు తింటున్నారు. విమానాశ్రయంలో తమ ద్వారం ముందు కుర్చీలో కూలబడి, ఆర్నుల్ఫో ఆ ఉదయపు మొదటి నిండు ఊపిరి పీల్చాడు. విమానం ఇంకా రానే లేదు. రేపటి పెళ్ళి రేపే జరుగుతుంది. నవ్వు దానంతటదే వచ్చి ముఖమంతా పరుచుకుంది.

కోన్సింగ్ చుట్టూ ఖాళీ కుర్చీలు చూసింది.

"ఇంత ముందుగా వచ్చి కూర్చోవడానికా నన్ను అన్నం మధ్యలో లేపావు?"

మర్నాడు పెళ్ళికి వచ్చిన చుట్టాలు ఓడ ఎలా ఉందని అడిగితే, సముద్రం బాగుంది గానీ కడుపునిండా తిననివ్వరని ఆమె చెప్పింది.