ఫ్లాష్ కొనకండి, ఎంచుకుంటూ ఉండండి

కెమెరాకు విడిగా ఫ్లాష్ కొనడం శుద్ధ దండగ! ఫ్లాష్ ఎంచుకుంటూ ఉండటం మాత్రం మహాభాగ్యం. ఈ తేడా తెలియని అమాయకులు షాపుకెళ్లి ఒకటి కొనుక్కుని, ఆ సాయంత్రమే ఫోటోలు తీసేసుకుంటారు. పాపం, ఇక వాళ్ల జీవితంలో ఏం మిగిలినట్టు?

నమ్మకపోతే మా బావను చూడండి. కళ్లద్దాల షాపులో కంటి పరీక్షలు చేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఎదుటి మనిషి కంటి ముందు అద్దం మార్చి అద్దం పెడుతూ, "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడమే ఆయన ఉద్యోగం. అటువంటి మనిషికి ఫ్లాష్ కావలసివచ్చింది.

కారణం ఏడేళ్ల కూతురు. ఇంట్లో అందరూ ఉడత అని పిలిచే ఆ పిల్లకి ముందు పళ్లు రెండూ ఒకే వారంలో ఊడాయి. ఆ బోసినవ్వు చూసి బావ కరిగి నీరైపోయాడు. దాన్ని గోడంత ఫోటో చేసి హాల్లో పెట్టాలన్నాడు. కానీ ఇంట్లో వెలుతురు తక్కువ. కెమెరాలో ఉన్న బుల్లి ఫ్లాష్ కొడితే పిల్ల మొహం పిండిలో ముంచినట్టు వస్తోంది.

అంతే, మొదటి నెలంతా రివ్యూలు! బావ అన్నం కలుపుతూ కూడా, "తల తిరిగే ఫ్లాష్ తీసుకోవాలి" అనేవాడు. "నాకు ఇప్పటికే తిరుగుతోంది" అనేది మా అక్క.

ఫ్లాష్ తల పైకి తిప్పితే వెలుగు సీలింగుకు తగిలి మెత్తగా కిందికి దిగుతుందట. బావ తలెత్తి చూశాడు. సీలింగు లేత ఆకుపచ్చ! ఆ వెలుగులో పిల్ల జ్వరం పడి లేచినట్టు కనిపించదూ? ఫ్లాష్ రాకముందే పెయింటర్ వచ్చాడు.

"తెల్ల రంగే కదా సార్, రేపటికి అయిపోతుంది" అన్నాడాయన. మా బావ సంగతి తెలియదు మరి. తొమ్మిది రకాల తెలుపులు పైన పలకలు పలకలుగా వేయించి, అందరినీ కింద చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఇది బాగుందా? ఇది బాగుందా?" మొదలుపెట్టాడు. అయిదో తెలుపు దగ్గర ఒక చుక్క జారి ఆయన ముక్కు మీదే పడింది. కుటుంబమంతా ఒకే వైపు చూసి ఎన్నేళ్లయింది చెప్పండి? ఫ్లాష్ కొనేసి ఉంటే ఈ ఐకమత్యం సాధ్యమయ్యేదా?

రెండో నెల పోలిక ఫోటోలు. ఫ్లాష్ లేనప్పుడు ఎంత చెడ్డగా ఉన్నాయో తెలిస్తేనే కదా, వచ్చాక ఎంత బాగుపడ్డాయో తెలిసేది! రోజూ ఉడత గోడకు ఆనుకుని నిలబడాలి.

"నవ్వకు తల్లీ, నవ్వితే కదులుతావు, పోలిక చెడుతుంది. అసలు ఫోటోకి దాచుకో."

"అసలు ఫోటో ఎప్పుడు నాన్నా?"

"రెండు ఫ్లాషులు మిగిలాయి. ఏదో ఒకటి తేలగానే."

అలా మూడు వందల పన్నెండు ఫోటోలు. అన్నిటిలోనూ ఉడత పెదాలు బిగించుకుని దొంగతనంలో దొరికిపోయినట్టు నిలబడి ఉంది. ఇంతటి క్రమశిక్షణ ఏ బడిలో నేర్పుతున్నారు?

మూడో నెలలో ఆ రెండింటిలో ఒకదాని తయారీ ఆపేశారు. కాబట్టి బావ ధైర్యంగా రెండోది ఎంచుకున్నాడు. ఫ్లాష్ వచ్చింది. తెల్ల సీలింగు కింద ఉడతను నిలబెట్టి, ఊపిరి బిగబట్టి అన్నాడు. "ఇప్పుడు నవ్వమ్మా."

ఉడత మనసారా నవ్వింది. సగం దిగిన కొత్త పళ్లు రెండూ రంపపు అంచులతో తళతళలాడాయి.

ఫోటో అద్భుతంగా వచ్చింది. బావ కెమెరా తెర మీద ఆ పళ్లను పెద్దవి చేసి చూశాడు. ఇన్నాళ్లూ ఆ బోసినవ్వును ఆపింది తనేనని అప్పటికి అర్థమైంది.

అక్క దెప్పలేదు. ఫోన్ తెచ్చి, అందులో ఒక ఫోటో తెరిచి కెమెరా పక్కన పెట్టింది. రంగులు వేసిన రోజు చాప మీంచి తను గబుక్కున తీసిన ఫోటో అది. మసకగా ఉంది, అంచులన్నీ చెదిరిపోయాయి. నాన్న ముక్కు మీద తెల్ల చుక్క చూసి ఉడత నోరంతా తెరిచి, ఊడిన పళ్ల సందు బయటపెట్టి నవ్వుతోంది.

"ఇది బాగుందా?" అక్క కెమెరా చూపించింది. "ఇది బాగుందా?" ఫోన్ చూపించింది.

బావ ఫోన్ లాక్కున్నాడు. "ఇదే. ఇంకోటి చూపించకు."

ఆ మసక ఫోటోయే ఇప్పుడు హాల్లో గోడంత ఉంది. దానికి ఫ్రేము మాత్రం బావకు చెప్పకుండా అక్కే వెళ్లి తెచ్చింది. కాబట్టి పాఠక మహాశయులారా, మీరు నిశ్చింతగా ఫ్లాష్ ఎంచుకుంటూ ఉండండి. ఈలోగా ఇంట్లో ఇంకెవరైనా ఫోటో తీసేస్తే మీ అదృష్టం.