దేవుడి గూట్లో మాత్రలు

నందిగామలో ప్లీడరు గుమస్తా వెంకటరత్నం ఆ ఉదయం చేయదలచుకున్న పని చిన్నదే. భార్య పుష్పవతి పెరట్లో ఉండగా ఒక మాత్ర మింగి, ఏమీ ఎరగనట్టు కోర్టుకు వెళ్ళిపోవాలి.

పోయిన ఏడు పుష్పవతికి టైఫాయిడ్ వచ్చినప్పుడు, ఆమె లేచి తిరిగితే తన ఎత్తు బెల్లం తూచి ఇస్తానని ఆయన వీధి చివరి రాములవారికి మొక్కుకున్నాడు. ఆమె లేచి తిరిగింది. మొక్కు ఇంకో నెలకు పెట్టుకున్నారు. ఈలోగా ఆయాసమని వెళితే బెజవాడ డాక్టరు, ఒళ్ళు తగ్గాలని చెప్పి, ఆకలి చంపే మాత్రలు రాసిచ్చాడు. చీటీ జేబులో పెట్టుకుంటుండగా, బెల్లం కూడా కాస్త తగ్గుతుంది కదా అనిపించింది. అనిపించినందుకు ఆయనకే సిగ్గేసింది. అందుకే సీసాను దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనక దాచాడు.

మాత్ర బాగానే పనిచేసింది. మధ్యాహ్నం అన్నం చూడబుద్ధి కాలేదు.

"ఏవండీ, ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉంది. తినాలని లేదు."

"మొక్కు తీరేదాకా దీక్ష పట్టారా? నాతో ఒక్క మాట చెప్పకూడదటండీ?"

ఆయన కాదనలేదు. కాదంటే సీసా సంగతి చెప్పాలి.

నాలుగోరోజున పొరుగింటి పుల్లమ్మ గిన్నెతో వచ్చింది.

"అన్నయ్యగారు అన్నం ముట్టరటగా. ఇది రవ్వకేసరి. ఫలహారం కిందే లెక్క."

"ఆకలి లేదమ్మా."

"దీక్షలో ఉన్నోళ్ళు అట్టాగే అంటారు. తినండి."

ఎదురింటి నుంచి నేతి పెసరట్లు వచ్చాయి. ఆ పక్కింటి నుంచి సున్నుండలు. అన్నం తప్ప అన్నీ ఫలహారమే. మాత్ర ఆకలిని చంపింది గాని మొహమాటాన్ని చంపలేకపోయింది. కోర్టు వరండాలో, దీక్ష సంగతి విన్న కక్షిదారులు కాళ్ళకు దణ్ణం పెడుతుంటే, ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని తల వంచుకునేవాడు.

కిలోలు ఇంకా అలవాటు కాని రోజులు. నెల కిందటి ఆయన బరువుకు ఎనిమిది బెల్లం దిమ్మలని అంచనా కట్టారు. మొక్కు రోజున గుడిలో, మిర్చి కొట్టు నుంచి తెచ్చిన పెద్ద కాటాలో ఆయన ఒకవైపు కూర్చున్నాడు. ఎనిమిది దిమ్మలూ పెట్టినా ఆయన తట్ట నేల వదల్లేదు. బెల్లం కొట్టు చిన్నబాబు తొమ్మిదో దిమ్మ కోసం పరుగెత్తాడు.

"నెల్లాళ్ళు అన్నం ముట్టని మనిషి బరువు పెరగటం ఎక్కడన్నా ఉందా? అంతా స్వామి మహిమ," అన్నాడు పూజారి. జనం చేతులు జోడించారు.

వెంకటరత్నం ఇక భరించలేకపోయాడు. "దీక్షా లేదు, ఏమీ లేదు. బెజవాడ మాత్రలు మింగా, ఒళ్ళు తగ్గాలని. బెల్లం తగ్గుద్దని కూడా అనుకున్నా," అన్నాడు తట్టలోంచే.

పుష్పవతి దగ్గరకొచ్చి, ఆయనకు మాత్రమే వినపడేలా అంది: "భరిణె వెనక సీసా రెండోరోజే చూశా. చెప్తారేమోనని ఎదురుచూశా. చెప్పకపోయేసరికి, ఫలహారాలు పెట్టమని నేనే వీధంతా తిరిగా. నా ప్రాణానికి మొక్కిన బెల్లమండీ. తగ్గితే ఎట్టా?"

చిన్నబాబు తెచ్చిన తొమ్మిదో దిమ్మకు ఆయన తట్ట నెమ్మదిగా లేచింది.

మర్నాడు పొద్దున్నే చిన్నబాబు, ఎండుపుల్లలా ఉన్న కూతుర్ని వెంటపెట్టుకొచ్చి, ఒళ్ళు చేయడానికి ఆ మాత్రల పేరు చెప్పమని అడిగాడు.