నలభై మూడు ఇళ్ల ఫిల్టరు

ఆ శుక్రవారం పొద్దున తుకారాం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి బడికి చేరాలి. తొమ్మిదికల్లా కంప్యూటర్లలో ఫిల్టరు పెట్టేయాలి. ఒక అరగ్లాసు కటింగ్ చాయ్ తాగి, పదకొండింటికి రాబోయే విద్యాశాఖ మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అందులో చాయ్ కూడా అతనికి వేళకు దక్కలేదు పాపం.

ముంబై కామాటిపుర పేటలో ఓ గల్లీ చివర ఉన్న ఆ తెలుగు బడికి తుకారామే గుమస్తా, తుకారామే కంప్యూటర్ మాస్టరు. శాఖవాళ్లు బడికి ఉచితంగా ఇంటర్నెట్ లైను ఇచ్చారు. ఇస్తూ ఒక మెలిక పెట్టారు: పిల్లలు చెడ్డవి చూడకుండా ఫిల్టరు ఉండాలి, పాఠాలు మాత్రం తెరుచుకోవాలి. ఈ శుక్రవారం తనిఖీలో తప్పితే లైను కట్. అక్కడి చాల్ ఇళ్లలో ఒక్కో ఖోలీ గదికి ఆరుగురు మనుషులు, ఒక్క ఫోను. పదో తరగతి పిల్లలు పరీక్షల పాఠాలు చూసుకునేది ఈ గదిలోనే. లైను పోతే వాళ్ల గతేమిటని తుకారాంకు వారం రోజులుగా నిద్ర లేదు.

ఫిల్టరు కంపెనీల ధరలు విని హెడ్మాస్టరమ్మ రత్నాబాయి ఫోను పెట్టేసింది. చివరికి తుకారాం ఒక ఉచిత ఫిల్టరు పట్టుకొచ్చాడు. మనం ఏ మాట వద్దంటామో ఆ మాట ఉన్న ప్రతి పేజీనీ అది ఆపేస్తుంది. మాటలు మాత్రం మనమే ఇచ్చుకోవాలి.

"తల్లిదండ్రులను అడుగు. రేపు మాట రావద్దు" అంది రత్నాబాయి.

అక్కడే కొంప మునిగింది. కామాటిపురలో అడగడమంటే గణపతి చందా అడిగినట్టే. ఒక్క గడప వదిలినా ఏడాదంతా అలకే, ఎవరు ఏమిచ్చినా కాదనకూడదు. తుకారాం నలభై మూడు గడపలు ఎక్కి నలభై మూడు మాటలు తెచ్చాడు. ఒకరు 'క్రికెట్' ఇచ్చారు, ఒకరు 'సినిమా' ఇచ్చారు. కూతురు పెళ్లి మెహందీలు తప్ప ఏమీ చూడటం లేదని సీమా అనే తల్లి 'పెళ్లి' అన్న మాట ఇచ్చింది.

పాలమూరు నుంచి వచ్చి కూలి పనికి పోయే సాయమ్మ బాగా ఆలోచించి ఇచ్చింది. "ఫ్రీ అని రాయి మాస్టర్. ఫ్రీ అంటె నొక్కిన, మూడు నూర్లు గాయబ్. అసలు బద్మాష్ మాట గదే."

అందరికంటే పెద్దవాడు, ముసలి మేస్త్రీ పెంటయ్య చివర్లో ఇచ్చాడు. "కామాటిపుర అని రాయి బిడ్డా."

"మన పేట పేరే గద తాతా!"

"అందుకే రాయమంటున్న. బడిల 'మా పేట' అని వ్యాసం రాయమన్నరని మా దర్శన ఫోన్ల పేరు కొట్టింది. ఏమొచ్చిందో నీకు ఎరుకే, అన్నీ ఆ రెడ్ లైట్ గల్లీల ముచ్చట్లే. పోరి తల దించుకున్నది. ఈ ముంబైకి రాళ్లు మోసినోళ్లం మేము, గది ఒక్క దాంట్ల రాదు."

శుక్రవారం పొద్దున బడికి రాగానే తుకారాం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెంటయ్య మాట అన్నిటికంటే ముందు ఎక్కించి, మిగతావన్నీ చేర్చి, మీట నొక్కాడు.

పదహారు కంప్యూటర్లూ నల్లబడ్డాయి. బడి పేజీ తెరిస్తే నలుపు, ఎందుకంటే చిరునామాలో కామాటిపుర ఉంది. పాఠాల పేజీలో 'ఫ్రీ' పుస్తకాలున్నాయి. శాఖ పేజీలో ఏదో క్రికెట్ పోటీ ఫొటో ఉంది. సరే, నాలుగు మాటలు తీసేద్దామని ఫిల్టరు సెట్టింగులు తెరిస్తే అదీ నలుపే. దాని నెత్తిన పెద్ద అక్షరాలతో 'ఫ్రీ' అని ఉంది మరి! మొత్తం పీకేస్తే ఫిల్టరే లేని బడి అవుతుంది.

"ఏం లోచా, ఏం గడబిడ జేసినవ్ తుకారాం?" రత్నాబాయి నెత్తి పట్టుకుంది. "మేడం పక్కనున్న నాగ్‌పాడా దాటిందట!"

అంతటితో ఊరుకున్నా బాగుండేది. తుకారాం కంగారులో సాయమ్మకు ఫోను చేసి, "అక్కా, నీ మాట వాపస్ తీస్కుంటవా?" అన్నాడు.

"నా ఒక్కదాని మాటనే దొరికిందా? పేదోళ్ల మాటకు కిమ్మత్ లేదా?" అని సాయమ్మ గల్లీ అంతా వినబడేలా అరిచింది. ఎవరి మాట తీసేస్తున్నారోనని మిగతా గడపలూ లేచాయి. పది నిమిషాల్లో కంప్యూటర్ గది ఆడవాళ్లతో నిండిపోయింది, వాళ్ల వెనకే పెంటయ్యా వచ్చాడు. ఒక్కొక్కరూ ఒక్కో కంప్యూటర్ ముందు కాపలా కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే విద్యాశాఖ అధికారి మనాలి మేడం మెట్లెక్కి వచ్చింది. గదంతా చూసి, "ఇంతమంది తల్లిదండ్రులు తనిఖీకి వచ్చిన బడి నేనింతవరకు చూడలేదు" అంది మరాఠీలో. తుకారాం నవ్వబోయి మానేశాడు.

ఆమె చెడ్డ సైట్ల జాబితా తీసి ఒక్కొక్కటే కొట్టింది. అన్నీ నలుపు. తరువాత 'కామాటిపుర' అని కొట్టింది. అదీ నలుపే. ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఈ వారం తొమ్మిది బళ్లలో ఈ పేరు కొట్టాను. లక్షలు పోసి కొన్న ఫిల్టర్లు. పిల్లల ముందు ఏం వచ్చిందో చెప్పలేను. ఇది ఎవరి ఆలోచన?"

పెంటయ్య భయంభయంగా చెయ్యెత్తాడు. ఆమె లేచి ఆయనకు నమస్కారం పెట్టింది. ఆ తరువాత కూర్చుని పాఠాల పేజీ కొట్టింది.

నలుపు. మళ్లీ కొట్టింది, నలుపు.

ఇక దాచి లాభం లేదని తుకారాం క్రికెట్ దగ్గర్నుంచి పెళ్లి దాకా అన్నీ చెప్పేశాడు. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "లైను కట్ చెయ్యకండి మేడం. తప్పు నాది, పిల్లలది కాదు."

మేడం నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో మాస్టరు గారూ! శాఖే ఒక ఫిల్టరు ఉచితంగా ఇస్తోందిగా. మూడు నెలల క్రితమే మెయిల్ పంపాం."

"దేవుని సాక్షి, రాలే!" అంది రత్నాబాయి. ఫోను తీసి వెతికితే, పనికిరాని మెయిళ్లు పడే చోట భద్రంగా దొరికింది. దాని శీర్షిక: 'కామాటిపుర బడులకు ఫ్రీ ఫిల్టర్'. అందులో ఉన్న నంబరుకు ఫోను చేస్తే శాఖ ఇంజనీరు అరగంటలో పాతది తీయించి కొత్తది పెట్టించాడు. పాఠాలు తెరుచుకున్నాయి, బడి పేజీ తెరుచుకుంది. ఆ పేరుతో వచ్చే చెత్త మాత్రం రాలేదు. మిగతా తొమ్మిది బళ్లలోనూ ఇలాగే పెట్టమని మేడం అక్కడికక్కడే చెప్పింది.

"బతికించినవ్ తల్లీ" అన్నాడు పెంటయ్య. తుకారాం బెంచీ మీద కూలబడి, వారం తరువాత మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. సాయమ్మే ఎవరినో పంపి అతనికి చాయ్ తెప్పించింది.

మేడం తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టి, కింద ఒక ముక్క రాసింది: "ఈ బడిలో చెడ్డవేవీ తెరుచుకోవు. నేను వచ్చిన మొదటి అరగంట మంచివి కూడా తెరుచుకోలేదు."