పది కార్లు చాలు, మామయ్యా

ఆ గురువారం ఉదయం మార్లెన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికి ఉప మేయర్ తెమిరలీ గారి కారు పడమటి దారిన పెద్ద కూడలికి వస్తుంది. అక్కడ కొత్తగా పెట్టిన సిగ్నల్ కెమెరాలతో నాలుగు దిక్కులూ చూసి, ఏ వైపు వాహనాలు ఎక్కువుంటే ఆ వైపుకు పచ్చదీపం ఇస్తుంది. తను రాగానే దీపం పచ్చబడితే తెమిరలీ గారు కాగితం మీద సంతకం పెడతారు. బిష్కెక్‌లో ఇంకో నలభై కూడళ్లకు అవే సిగ్నళ్లు వస్తాయి. పచ్చబడకపోతే సిగ్నల్‌నూ, దాన్ని వెనకేసుకొచ్చిన మార్లెన్ విభాగాన్నీ కలిపి ఎత్తేస్తామని ఆయన ముందే సెలవిచ్చారు. మార్లెన్ పింఛనుకు ఇంకా మూడేళ్లుంది.

చిక్కల్లా ఒక్కటే. పదింటికి పడమటి వైపు పట్టుమని నాలుగు కార్లుండవు. సిగ్నల్‌కు లెక్కలు వచ్చు గానీ హోదాలు తెలియవు. అందుకని మార్లెన్ పొద్దున్నే ఏడింటికి, తూర్పున గంట దూరంలోని పల్లెలో ఉండే మేనమామ కాదిర్‌కు ఫోన్ చేశాడు.

"పది కార్లు చాలు, మామయ్యా. తొమ్మిదిన్నరకల్లా పెద్ద కూడలి దగ్గరుండాలి. ఎందుకని మాత్రం అడక్కు."

"అక్క ఎలా ఉందిరా?" అన్నాడు కాదిర్ మెల్లగా.

"అమ్మ సంగతి నువ్వొచ్చాక మాట్లాడుకుందాం," అని మార్లెన్ ఫోన్ పెట్టేశాడు.

అలా తుంచేయడానికి కారణముంది. అక్కా తమ్ముళ్లకు ఏడాదిగా మాటల్లేవు. ఒక పెళ్లి విందులో పెద్దరికానికి గుర్తుగా అక్కకు పెట్టాల్సిన మాంసపు ఎముకను కాదిర్ పొరపాటున వేరే ఎవరి పళ్లెంలోనో వేశాడు. ఆ ఎముక కథ మొదలైతే మధ్యాహ్నం దాకా తెమలదు. పడమటి వైపు ఆగమని చెప్పడం మరిచిపోయానని మార్లెన్‌కు తర్వాత గుర్తొచ్చింది. వచ్చాక చెప్పొచ్చులే అనుకుని, గోధుమపిండి బోర్సోక్‌లు వేయించుకుంటున్న తల్లికి వెళ్లొస్తానని చెప్పి బయల్దేరాడు.

పాపం, మార్లెన్ ఒక్క సంగతి మరిచాడు. వాళ్లలో చావు కబురు సూటిగా చెప్పే అలవాటు లేదు. తొందరగా రండి, కార్లు తెండి, ఎందుకని అడక్కండి అంటే చాలు, వినేవాడికి అర్థమైపోతుంది. పైగా అక్క ఎలా ఉందంటే వచ్చాక మాట్లాడుకుందామన్నాడు. కాదిర్ కొట్టం గడప మీద కూలబడి, ఆ పాడు ఎముకను తలుచుకుని తలుచుకుని ఏడ్చాడు. పావుగంటలో మూడు పల్లెలకు తెలిసింది. చావింటి ముంగిట వేసే గుడారం లారీ ఎక్కింది, దాని వెనక చావు విందుకు కోసే బలిసిన గుర్రం ఇంకో లారీ ఎక్కింది. పది కార్లు చాలన్నాడంటే అది మార్లెన్ మొహమాటమని అందరూ అనుకున్నారు.

తొమ్మిదిన్నరకు తూర్పు దారిలో మొదటి కారు కనబడింది. మార్లెన్ సంతోషంగా చెయ్యూపాడు. పదకొండో కారు వచ్చేసరికి చెయ్యి కిందికి దిగింది. నలభై దాకా లెక్కపెట్టి మానేశాడు. సిగ్నల్ మాత్రం మానలేదు. దాని జన్మలో అంత పొడుగు వరస చూసి ఎరగదు. తూర్పుకు పచ్చదీపం ఇచ్చింది, ఇచ్చి అలాగే ఉంచింది. వచ్చిన కారల్లా కూడలి దాటి పక్కన ఆగుతోంది, దాని వెనక ఇంకో మూడు వస్తున్నాయి. సరిగ్గా పదింటికి పడమటి దారిన తెమిరలీ గారి నల్ల కారు వచ్చి, రెండు కార్ల వెనక ఎర్రదీపం ముందు ఆగింది.

అంతలో కార్లలోంచి మగవాళ్లు దిగి, "అయ్యో నా అక్కా," "అయ్యో నా పెద్దమ్మా," అని గొంతెత్తి ఏడుస్తూ అతని మీదికి వచ్చారు. ముందున్న కాదిర్ అతన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"ఏ అక్క, మామయ్యా?"

"నాకున్నది ఒక్క అక్కేగా, నాయనా. ఎముక కూడా సరిగ్గా పెట్టలేకపోయాను."

అంటే పోయింది అమ్మేనని మార్లెన్ అనుకున్నాడు. పొద్దున పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. తను ఇల్లు వదిలాక ఏదో జరిగింది, ఆ కబురు తనకన్నా ముందు పల్లెకు చేరింది. వెళ్లొస్తానని కూడా ఆమె మొహం చూడకుండానే చెప్పాడు. సిగ్నలూ పింఛనూ అన్నీ మరిచి, యాభై ఏడేళ్ల మనిషి మామయ్య భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇరవై నిమిషాలు ఎర్రదీపం చూసిన తెమిరలీ గారు కారు దిగి, తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ నడిచొచ్చారు. వచ్చి చూస్తే నూట నలభై కార్లు, వాటి మధ్య కుమిలిపోతున్న మార్లెన్. పోయింది అతని తల్లని పక్కవాళ్లు చెప్పగా, ఆయన అరచేతులతో మొహం తడుముకుని ప్రార్థించారు. అమ్మ కోసం ఏడుస్తున్నవాడి ఉద్యోగం పీకేశాడన్న పేరు ఇంతమంది ముందు ఎవరు మోస్తారు. కాగితం అడిగి తీసుకుని, కారు బానెట్ మీద పెట్టి సంతకం చేసి మార్లెన్ చేతికిచ్చారు. "వారం రోజులు సెలవు తీసుకో, తమ్ముడూ," అన్నారు.

సరిగ్గా అప్పుడే ఇంకో కారు వచ్చి ఆగింది. అంతకుముందు కాదిర్ భార్య కూడలికి రాకుండా తిన్నగా మార్లెన్ ఇంటికి వెళ్లింది. పోయినవాళ్ల పేరున వేయించే బోర్సోక్‌ల నూనె వాసన గుమ్మంలోనే తగిలింది. తలుపు తీసింది మాత్రం పోయిన మనిషే. కాదిర్ భార్య ఒక్క కేక పెట్టి పడిపోయింది, లేచాక కూడలికి పద అని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయింది. చెప్పకపోతే దాని అర్థమేమిటో మార్లెన్ తల్లి, ఎనభై రెండేళ్ల సైరా గారికీ తెలుసు.

చేతులకు పిండితో, కాళ్లకు చెరో రకం మేజోళ్లతో ఆవిడ కారు దిగింది.

"నువ్వు బతికే ఉన్నావా?" అన్నారు తల్లీ కొడుకూ ఒకేసారి.

తర్వాత ఆవిడ కొడుకు చెంప మీద పిండి వేళ్ల అచ్చు పడేలా ఒకటిచ్చింది. ఎవరు పోయారని తమ్ముణ్ణి అడిగింది. తమ్ముడు మార్లెన్ వైపు చూశాడు. మార్లెన్ పది కార్ల సంగతి, ఇప్పటి సంతకం దాకా మొత్తం, తెమిరలీ గారు వింటుండగానే, తల దించుకుని చెప్పేశాడు.

తెమిరలీ గారు చెయ్యి చాచారు. "ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నారు.

మార్లెన్ ఇవ్వబోయాడు. సైరా గారు మధ్యలోకి వచ్చింది.

"నేను చచ్చిపోయాననుకుని సంతకం పెట్టావు, బాబూ. బతికున్నానని కొట్టేస్తావా?"

నూట నలభై కార్ల జనం ఉప మేయర్ మొహంకేసి చూశారు. ఆయన చాచిన చెయ్యి గాలిలో కాసేపుండి, నెమ్మదిగా జేబులోకి వెళ్లిపోయింది.

గుర్రం ఎలాగూ వచ్చింది కాబట్టి విందు చేద్దామని, ఈసారి ఎముక ఎవరి పళ్లెంలో వేయాలో తనకు తెలుసని కాదిర్ అన్నాడు. ఆ ఎముకేదో చూశాకే మాట్లాడతానని సైరా గారు ఏడాది తర్వాత మొదటిసారి తమ్ముడితో మాట్లాడింది. తెమిరలీ గారు ఎవరినీ పలకరించకుండా వెనక్కి నడిచి కారెక్కారు.

పడమటి వైపు దీపం ఇంకా ఎర్రగానే ఉంది.