యోనాను మింగని చేప

పేతురుకు శనివారమంటే హడల్. పొద్దున్నే భార్య దేవకృప రెండు సంచులు చేతిలో పెట్టి బోయిన్‌పల్లి మార్కెట్‌కు తోలేది. అక్కడ తోపులాట ఒక ఎత్తు, ఇంటికొచ్చాక ఒక్కో వంకాయ మీద జరిగే విచారణ ఇంకో ఎత్తు.

అందుకే అల్వాల్ చర్చిలో పాస్టరు గారు సండే స్కూల్ పిల్లలకు, ఓడలోంచి సముద్రంలో పడి చేప మింగిన యోనా కథ బొమ్మల వీడియోగా ఎవరు చేస్తారని అడగ్గానే చెయ్యెత్తేశాడు. శనివారాలన్నీ ఇక దేవుడి పనికేనని ఇంట్లో ప్రకటించాడు. దేవకృప సంచులు తనే పట్టుకెళ్లింది.

పని సులువేనని పేతురు నమ్మకం. బొమ్మ మొదట ఎక్కడుండాలో అక్కడొక కీఫ్రేమ్, చివరికి ఎక్కడికి చేరాలో అక్కడొక కీఫ్రేమ్. నడుమ కదలికంతా ట్వీన్ అని కంప్యూటరే నింపుకుంటుంది. బద్ధకస్తుడికి ఇంత అనువైన విద్య ఇన్నాళ్లూ తన కంట పడనందుకు బాధపడ్డాడు కూడా.

మొదటి శనివారం యోనా చేప నోట్లోంచి బయల్దేరి వెనక్కి నడుచుకుంటూ పోయి ఓడెక్కాడు. రెండో శనివారం యోనా కదల్లేదు, సముద్రం కదిలిపోయింది. మూడో శనివారం మధ్యలో పొరపాటున ఇంకో కీఫ్రేమ్ పడింది. నీళ్లలో పడాల్సిన మనిషి నిటారుగా మేఘాల్లోకి లేచిపోయాడు. చేప నోరు తెరుచుకుని కింద అలాగే ఉంది.

అప్పుడే మార్కెట్ నుంచి వచ్చిన దేవకృప సంచులు దించి తెర వైపు చూసింది.

"ఈయన యోనానా, ఆకాశానికి పోయిన ఏలీయానా?"

"జెర ఊకో కృపా. రేపే చూపియ్యాలె. మస్తు పరేషాన్ల ఉన్న."

"లేవండ్రి, నేను చూస్త. ఉల్లిగడ్డ మొయ్యలేక ఇడిసిపెట్టొచ్చిన. మీరు పోయి తెండ్రి."

చేసేది లేక వెళ్లాడు. పది కిలోల ఉల్లిగడ్డతో చెమటలు కక్కుతూ వచ్చేసరికి తెర మీద యోనా చక్కగా పల్టీ కొట్టి చేప నోట్లో పడుతున్నాడు. చేప నోరు మూసుకుంటోంది. బుడగలు సైతం వస్తున్నాయి.

ఎలా వచ్చిందని అడిగాడు. దేవకృప పనిచేసే యాప్రాల్ బడిలో ఏడో తరగతికి రెండేళ్లుగా చెబుతున్నది ఇదేనట. ఆ సంగతి ఇంట్లో ఎన్నోసార్లు చెప్పిందట. పేపరు చదువుతూ పేతురు ఊఁ కూడా కొట్టాడట.

"మూడు వారాలు చూస్కుంట కూసున్నవ్ గదా. ఒక్క మాట చెప్పొద్దా?"

"మీరడగలే. గంత మంచిగ నవ్వుకోక సుత శాన దినాలైంది."

ఆదివారం పిల్లలు చప్పట్లు కొట్టి మళ్లీ వేయించుకున్నారు. పాస్టరు గారు ఎవరు చేశారని అడిగారు. నిజం చెప్పేద్దామని పేతురు సగం లేచాడు. ఈలోపే దేవకృప పూర్తిగా లేచింది.

"మా ఆయనే చేసిండ్రు పాస్టర్ గారూ. వచ్చే నెల నోవహు ఓడ సుత చేస్తరట. జంతువులన్నీ, జతలు జతలుగ."

చర్చంతా చప్పట్లు. పేతురు నెమ్మదిగా కూర్చుని, ఏనుగుకు ఎన్ని కీఫ్రేములు పడతాయని భార్య చెవిలో అడిగాడు.

"ఒక్కోదానికి కాళ్లు నాలుగు. ఏనుగులు రెండు. మీరే లెక్కేస్కోండ్రి" అని ఆమె పాటల పుస్తకం తెరిచింది.